పత్రిక అట్ట మీద ఊరి ఫైర్ కంపెనీ: గౌరవమా, చెయ్యి దులుపుకోవడమా?

కుంచెరాయుడు

అమెరికాలోని పెన్సిల్వేనియాలో మేమున్నది చిన్న ఊరు. పట్టుమని యాభై తెలుగు కుటుంబాలు లేకపోయినా ఏటా ఉగాదికి ఒక సంచిక వేస్తాం. ఈసారి ముఖచిత్రం పని నాకు అప్పగించారు. విషయం కూడా మా తెలుగు సంఘం కార్యవర్గమే చెప్పింది: ఊళ్లోని స్వచ్ఛంద ఫైర్ కంపెనీ, అంటే జీతం లేకుండా మంటలు ఆర్పే దళం. పాత అమెరికా పత్రికల ముఖచిత్రాలకు పేరుపడ్డ చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ గీసినట్టు ఉండాలన్నది షరతు. ఎర్రగా మెరిసే ఇంజన్, నెరిసిన మీసాల పెద్దాయన, ఆయన హెల్మెట్ పెట్టుకుని కళ్లు కనపడని పిల్లవాడు, పక్కన మచ్చల కుక్క.

గీయడం కష్టం కాదు. ఇబ్బంది ఇంకోచోట ఉంది. అదే సమావేశంలో, టీ తాగుతూ, టౌన్‌షిప్ (మా స్థానిక పాలక సంస్థ) ప్రతిపాదించిన ఫైర్ టాక్స్ మాట వచ్చింది. ఇంటి పన్ను మీద అదనంగా పడే కొద్దిపాటి మొత్తం, అది ఫైర్ కంపెనీకే వెళుతుంది. గదిలో దాదాపు అందరూ వద్దన్నారు. ‘వాళ్లు వాలంటీర్లు కదా, డబ్బెందుకు?’ అన్నారు ఒకాయన. ముఖచిత్రం ఆలోచన ఆయనదే.

అందుకే అడుగుతున్నాను. చిన్న ఊరి ఫైర్ కంపెనీని అట్ట మీద అందంగా గీయడం వాళ్లకు గౌరవమా, లేక గౌరవం పేరుతో మనం చెయ్యి దులుపుకోవడమా? నా మొగ్గు రెండోదాని వైపే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పాతపుస్తకాలషాపు

రాక్‌వెల్‌ను బోనులో నిలబెట్టే ముందు ఆయన ఏం గీశాడో చూద్దాం. ‘శాటర్‌డే ఈవినింగ్ పోస్ట్’ పత్రికకు ఆయన మూడు వందలకు పైగా అట్టలు గీశాడు. 1944 మే 27 సంచిక చూడండి. పాత చట్రంలో బిగించిన ఒక ఫైర్‌మన్ చిత్తరువు. ఆ చట్రం అడుగు అంచు మీద ఎవరో ఆర్పకుండా వదిలేసిన చుట్ట పొగలు కక్కుతోంది. చిత్తరువులోని మనిషి కనుగుడ్లు తిప్పి ఆ చుట్ట వంక అనుమానంగా చూస్తున్నాడు. అంతే. ఇంజనూ లేదు, కుక్కా లేదు, మంటా లేదు. చచ్చి గోడకెక్కినా డ్యూటీ దిగని మనిషి. నవ్వొస్తుంది, కానీ ఆ నవ్వు చుట్ట వదిలేసి పోయినవాడి మీద.

ఏడాది ముందు, 1943 మే నెలలో, వెర్మాంట్ రాష్ట్రం ఆర్లింగ్టన్‌లో రాక్‌వెల్ స్టూడియో కాలిపోయింది. తన పైపు నుంచి రాలిన నిప్పే కారణమై ఉంటుందని ఆయనే అనుకున్నాడు. బొమ్మలు, వేషాల దుస్తులు, ఏళ్ల తరబడి పోగుచేసిన సామగ్రి అన్నీ బూడిద. ఆ రాత్రిని కూడా హాస్యపు స్కెచ్‌లుగా వేసి అదే పత్రికలో అచ్చు వేయించాడు. ఇప్పుడు ఆ చిత్తరువు చూపు ఎవరి మీద పడుతోందో మీరే చెప్పండి.

ఇంకొక సంగతి. పోస్ట్ ఫిలడెల్ఫియా పత్రిక. 1728లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్థాపించాడని అట్ట మీద గొప్పగా వేసుకునేది. అసలు పుట్టింది 1821లో, ఫ్రాంక్లిన్‌తో చుట్టరికం కలుపుకున్నారంతే. కానీ ఆ ఫ్రాంక్లిన్ 1736లో ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టిన మాట నిజం. సభ్యులు ముప్పై మంది. ప్రతి ఒక్కరూ తోలు బకెట్లు, సామాను బయటికి చేరవేసే సంచులు సొంత ఖర్చుతో సిద్ధంగా ఉంచుకోవాలి. నెలవారీ సమావేశానికి రాకపోతే జరిమానా. ఆ జరిమానాలతోనే ఇంజన్లు, నిచ్చెనలు కొన్నామని స్వీయచరిత్రలో రాశాడు. ‘డబ్బెందుకు’ అన్న పెద్దమనిషికి ఈ ముక్క చదివి వినిపించండి.

మిరియాలచారు

అట్ట మీద సాధువుగా కూర్చోబెట్టకముందు ఈ వాలంటీరు పత్రికల్లో ఎలా కనిపించాడో కూడా చెప్పాలి కదా. పులిగా కనిపించాడు. న్యూయార్క్‌లో విలియం ట్వీడ్ అనే నాయకుడు రాజకీయాల్లోకి ఎక్కిన మెట్టు అమెరికస్ ఇంజన్ కంపెనీ నంబర్ 6 అనే స్వచ్ఛంద దళం. వాళ్ల ఇంజన్ మీద పులి తల ఉండేది. 1871లో కార్టూనిస్టు థామస్ నాస్ట్ ‘హార్పర్స్ వీక్లీ’ పత్రికలో ఆ పులినే తెచ్చి, నగరాన్ని దోచుకు తింటున్న ట్వీడ్ ముఠాకు గుర్తుగా వాడాడు. ఆ రోజుల్లో రెండు కంపెనీలు ఒకే మంటకు వస్తే నీటి కుళాయి ఎవరిదని వీధిలో ముష్టియుద్ధం. ఇల్లు తన మానాన తాను కాలేది.

విసిగిపోయిన నగరాలు జీతాలిచ్చి మనుషులను పెట్టుకున్నాయి. సిన్సినాటి 1853లో, న్యూయార్క్ 1865లో, ఫ్రాంక్లిన్ గారి ఫిలడెల్ఫియా 1871లో. వాలంటీరు చిన్న ఊళ్లకు మిగిలాడు. నగరంలోని చిత్రకారులకు, సంపాదకులకు అప్పుడు ముద్దొచ్చాడు. తమ ఇంటికి ప్రమాదం లేదు కదా, ఎంతైనా ప్రేమించవచ్చు.

మీ కార్యవర్గం చేస్తున్నది పెళ్లి వంటవాడికి శాలువా కప్పి కూలి ఎగ్గొట్టడం. గీయకండి.

సస్కెహానా

నేను ఇలాంటి ఫైర్ కంపెనీలోనే సభ్యుణ్ణి. ఇదే రాష్ట్రం, వేరే కౌంటీ. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నడుముకు పేజర్. నా మాట ముందే చెబుతాను: కుంచెరాయుడు గారూ, గీయండి. మెరిసే ఇంజన్‌తోనే గీయండి.

మా వీధిలో ఏళ్లుగా కాపురముంటున్నవాళ్లకు కూడా మాకు జీతం లేదని తెలియదు. సైరన్ మోగితే ప్రభుత్వం వస్తోందనుకుంటారు. మనవాళ్లకు అసలే తెలియదు, మన దేశంలో అది సర్కారు ఉద్యోగం కాబట్టి. తెలియనివాడు చందా ఇవ్వడు, చేరడు, పన్నుకు ఓటు వెయ్యడు. అట్ట మీద బొమ్మ చూసి ‘వీళ్లెవరు?’ అని ఒక్కరు అడిగినా మాకు అది లాభమే.

లెక్కలు కావాలంటే ఇవిగో. 1984లో దేశం మొత్తం మీద 8,97,750 మంది వాలంటీర్లుండేవారు. 2020కి 6,76,900 మంది మిగిలారు. ఇప్పటికీ అమెరికా ఫైర్‌ఫైటర్లలో మూడింట రెండు వంతులు మేమే. అదే కాలంలో సాయం కోసం వచ్చే ఫోన్లు మూడు రెట్లయ్యాయి. పెన్సిల్వేనియా సంగతి మరీ ఘోరం. 1970లలో మూడు లక్షల దాకా ఉన్న వాలంటీర్లు 38 వేలకు పడిపోయారని రాష్ట్ర కమిషన్ 2018లో తేల్చింది.

పెరిగినవి మంటలు కావు. దేశంలో అగ్నిప్రమాదాలు 1980తో పోలిస్తే సగానికి తగ్గాయి. పెరిగింది వైద్య సహాయం, కారు ప్రమాదాలు, ఊరికే మోగే అలారాలు. అట్ట మీద మీరు మంట గీస్తారు, మేము ఎక్కువగా వెళ్లేది మెట్ల మీద జారిపడ్డ అవ్వ దగ్గరికి. అదొక్కటే నా ఫిర్యాదు.

నీలిమేఘం

మీసం తప్పనిసరా అండీ?

మా అమ్మాయి ఇక్కడి ఫైర్ కంపెనీలో జూనియర్ సభ్యురాలు. పెన్సిల్వేనియాలో పద్నాలుగేళ్లు నిండితే చేర్చుకుంటారు. పద్దెనిమిది వచ్చేదాకా మండుతున్న ఇంట్లోకి పంపరు. గొట్టాలు చుట్టడం, గాలి సిలిండర్లు మార్చి అందించడం, శిక్షణ, ఇవీ పనులు. చేరుతానన్నప్పుడు వాళ్ల నాన్నా నేనూ వారం రోజులు పోట్లాడుకున్నాం. ఇప్పుడు మా ఇంట్లో పొగ అలారం బ్యాటరీ ఎప్పుడు మార్చాలో ఆ పిల్లే చెబుతుంది. దేశంలో వాలంటీర్లలో సుమారు తొమ్మిది మందికొకరు ఆడవాళ్లే. పాత పత్రికల అట్టల మీద మాత్రం ఆడమనిషి కిటికీలోంచి చేతులు చాపి కేకలు పెట్టాలి, లేకపోతే ఫైర్ స్టేషన్‌కు కేకు తేవాలి.

గౌరవమా కాదా అని తేల్చే ముందు ఎవరిని గీస్తున్నారో తేల్చండి.

రిటైర్డ్_101

నేను ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర న్యూజెర్సీలో ఉంటున్నాను. అందరి అభిమానం చూసి సంతోషంగా ఉంది కానీ, నా ప్రశ్న వేరు. ప్రాణాల మీదికి వచ్చే పనిని వాలంటీర్లకు వదిలేయడం ఏమి పద్ధతి? పోలీసులను వాలంటీర్లుగా పెడతారా?

పాతపుస్తకాలషాపు గారు 1944 మే 27 అన్నారు. దానికి ఆరు వారాల ముందు, ఏప్రిల్ 14న, బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలింది. అరవై ఆరు మంది అగ్నిమాపక సిబ్బంది పోయారు. ఇవాళ్టికీ దేశమంతా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరిపేది వాళ్ల పేరు మీదే. అక్కడ చుట్టను చూసి నవ్వుకునే బొమ్మ, ఇక్కడ గుర్తుపట్టలేని శవాలు. ఈ పని గురించి సరదా బొమ్మలు చూసినప్పుడల్లా నాకు అదే తోస్తుంది.

సాంకేతికంగా కూడా చెబుతాను. ఆ కాలపు గదిలో చెక్క కుర్చీ, నూలు పరుపు. మంట అంటుకుంటే గది మొత్తం ఒక్కసారిగా భగ్గుమనడానికి అరగంట దాకా పట్టేది. ఇప్పటి సోఫాలో ఉండేది ఫోమ్, పాలియెస్టర్. అమెరికాలోనే వస్తువుల భద్రతను పరీక్షించే యూఎల్ సంస్థ రెండు రకాల గదులనూ తగలబెట్టి చూసింది. నేటి గదికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. పల్లెల్లోని వాలంటీర్లకు ఇక్కడి ప్రమాణం ఏమిటో తెలుసా? పద్నాలుగు నిమిషాల్లో ఆరుగురు చేరుకోవాలి, అదీ పదిలో ఎనిమిదిసార్లు చేరితే చాలు. మీ మీసాల పెద్దాయన పొలంలో పని ఆపి, బూట్లు తొడుక్కుని వచ్చేసరికి ఒకప్పుడు ఇల్లు దక్కేది. ఇప్పుడు దక్కదు. ఆ బొమ్మ చెప్పే అబద్ధం అక్కడుంది.

సస్కెహానా

రిటైర్డ్ గారూ, నమస్కారం. మీ అనుభవం ముందు నాది ఎంత. అయినా ఒక మాట. బొంబాయి దళం జీతం తీసుకునేదే కదా? ఓడలో పత్తి బేళ్లు, వాటితోపాటు పద్నాలుగు వందల టన్నుల పేలుడు సామగ్రి. జీతం వాళ్లను కాపాడలేదు.

నాలుగు నిమిషాల సంగతి నిజం. శిక్షణలో మాకూ అదే చూపిస్తారు. కానీ మా టౌన్‌షిప్‌లో ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య మొక్కజొన్న చేలు. జీతగాళ్లను పెట్టినా స్టేషన్ నుంచి ఆ చివరికి చేరడానికే పది నిమిషాలు. ఇరవైనాలుగు గంటలూ నలుగురిని ఒక ఇంజన్ మీద కూర్చోబెట్టాలంటే వంతులు కలుపుకుని పదిహేను మందికి పైగా జీతం ఇవ్వాలి. ఆ ఖర్చుకు మా టౌన్‌షిప్ బడ్జెట్ సరిపోదు. ఉన్న వాలంటీర్లకు మంచి కోటు, మంచి శిక్షణ, పగటిపూట ఇద్దరు జీతగాళ్లు. ఇంతవరకే సాధ్యం, దానికే ఫైర్ టాక్స్ అడుగుతున్నారు.

రిటైర్డ్_101

నాయనా, జీతం కాపాడుతుందని నేను అనలేదు. జీతం ఉంటే శిక్షణ తప్పనిసరి చేయవచ్చు, రాకపోతే అడగవచ్చు. 2013లో టెక్సస్‌లో వెస్ట్ అనే చిన్న ఊళ్లో ఎరువుల గోదాము పేలింది. పదిహేను మంది చనిపోతే అందులో పన్నెండు మంది సాయానికి వెళ్లినవాళ్లు, ఎక్కువమంది వాలంటీర్లే. అమ్మోనియం నైట్రేట్ నిల్వకు మంటలు తగిలితే దూరంగా ఉండాలా, దగ్గరికి వెళ్లాలా అన్న శిక్షణ వాళ్లకు సరిగా అందలేదని కేంద్ర రసాయన ప్రమాదాల దర్యాప్తు సంస్థ రాసింది. ఆ పన్నెండు మందిని ఎన్ని అట్టల మీద వేస్తే ఏం లాభం?

రైన్‌తీరం

జర్మనీ నుంచి రాస్తున్నాను. మీరిద్దరూ వాలంటీరా, జీతమా అని వాదిస్తున్నారు. ఇక్కడ ఉన్నది మూడో దారి.

ఈ దేశంలో స్వచ్ఛంద దళాల్లో పది లక్షల మంది దాకా ఉన్నారు. పెద్ద నగరాలకు మాత్రమే జీతాల దళం తప్పనిసరి. మిగతా చోట్ల, మా పట్టణం సహా, వాలంటీర్లే. కానీ దళాన్ని నడపడం, బండ్లు, దుస్తులు, స్టేషన్ సమకూర్చడం మునిసిపాలిటీకి చట్టప్రకారం విధి. మా ఆఫీసులో ఒకతను మీటింగ్ మధ్యలో పేజర్ మోగితే లేచి వెళ్లిపోతాడు, బాస్ నోరెత్తడానికి లేదు. ఆ గంటల జీతం కంపెనీకి మునిసిపాలిటీ తిరిగి ఇస్తుంది. చాలినంత మంది చేరకపోతే ఊరివాళ్లను పేరుపెట్టి పిలిచి బలవంతంగా చేర్చే అధికారం కూడా చట్టంలో ఉంది. అరుదుగానైనా వాడతారు.

అంటే మనిషి ఇచ్చేది సమయం, ఊరు ఇచ్చేది సొమ్ము. ఇక్కడ ఎవరూ బింగో (అంకెల పందెం ఆట) ఆడించి గొట్టం కొనరు. చిలీ దేశంలోనైతే 1851 నుంచీ, రాజధానితో సహా, అందరూ వాలంటీర్లే. కాబట్టి వాలంటీరు అంటే పాతకాలం అనుకోవద్దు రిటైర్డ్ గారూ.

సస్కెహానా

బింగో అన్నారు కాబట్టి చెబుతాను. చికెన్ బార్బెక్యూ, పాన్‌కేక్ అల్పాహారం, లాటరీ టికెట్లు, వేసవిలో తిరునాళ్లలాంటి కార్నివాల్. శనివారం తెల్లవారకముందే లేచి బొగ్గులు రాజేసేది మంటలు ఆర్పే మనుషులే. ఒక ఇంజన్ ఖరీదు ఇప్పుడు పది లక్షల డాలర్ల దరిదాపుల్లో ఉంది. కోడి కాళ్లు అమ్మి ఆ సొమ్ము ఎప్పటికి కూడబెట్టాలో లెక్క వేసుకోండి. మా కంపెనీ వదిలి వెళ్లినవాళ్లలో మంటకు భయపడి వెళ్లినవాళ్లు నాకు గుర్తులేరు. వంటకు విసిగి వెళ్లినవాళ్లే ఎక్కువ.

లెక్కలరాజు

అందరూ ఫైర్ టాక్స్ వద్దన్నవాళ్లను పిసినారులుగా తేల్చేశారు. ఆ జట్టులో నేనూ ఉన్నాను. కొంచెం వినండి.

పెన్సిల్వేనియాలో రెండు వేలకు పైగా ఫైర్ కంపెనీలున్నాయి. నేనుండే బారో (చిన్న పట్టణం) చుట్టూ నాలుగు మైళ్లలో మూడు. మూడింటికీ మూడు నిచ్చెన బండ్లు. వాటిలో ఒక్కటి కూడా పగటిపూట సరిపడా మనుషులతో కదలదు. కలిసిపోతే ఒక బండి, ఒక స్టేషన్, పూర్తి జట్టు. ఎందుకు కలవరు? ఎవరి ఇంజన్ తలుపు మీద బంగారు రంగులో వాళ్ల ఊరి పేరుంది కాబట్టి. ఎవరి తాత ఫొటో వాళ్ల గోడ మీద ఉంది కాబట్టి. కలపాలన్న మాట ఎత్తితే హాలు నిండా కన్నీళ్లు.

పత్రికల అట్టలు పెంచి పోషించింది ఆ మమకారాన్నే. ‘మా ఊరి ఇంజన్’ అనే బొమ్మ. ‘మా నాలుగు ఊళ్ల ఉమ్మడి అగ్నిమాపక సేవ’ అని ఎవరైనా అట్ట గీస్తారా? చూడటానికి బాగుండదు మరి. నేను పన్ను కట్టడానికి సిద్ధమే. మూడు బండ్లకు మాత్రం కట్టను.

మిరియాలచారు

లెక్కలరాజు గారి మాటతో నేను ఏకీభవించాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. తలుపు మీద బంగారు అక్షరాల సంగతి బాగా పట్టుకున్నారు. కాకపోతే ‘నేను కట్టను’ దగ్గర ఆగండి. 2010లో టెనెసీ రాష్ట్రంలో సౌత్ ఫుల్టన్ అనే ఊరి అగ్నిమాపక దళం, ఊరి పొలిమేర బయట ఒక ఇల్లు కాలిపోతుంటే నిలబడి చూసింది. కారణం, ఆ ఇంటివాళ్లు ఏడాది రుసుము డెబ్బై అయిదు డాలర్లు కట్టలేదు. పక్కింటివాళ్లు కట్టారు కాబట్టి వాళ్ల హద్దు మీద నీళ్లు చల్లారు. రుసుము కట్టినవాడికే సేవ అన్న పద్ధతి చివరికి చేరేది అక్కడికి. ఆ దృశ్యం గీయమనండి మీ కార్యవర్గాన్ని, రాక్‌వెల్ పద్ధతిలో.

లెక్కలరాజు

నేను అడిగింది విలీనం. మీరు చూపించింది రుసుము. రెండూ ఒకటి కావు. రుసుము పద్ధతి తప్పన్నది నేనూ ఒప్పుకుంటాను.

సస్కెహానా

విలీనం మాట మా దగ్గరా నడుస్తోంది. పొరుగు కంపెనీతో ఇప్పటికే ఒకే ఫోనుకు రెండు ఇంజన్లు కదిలే ఏర్పాటు ఉంది, శిక్షణ కలిపే చేస్తాం. పేరు దగ్గర ఆగిపోయింది. నాకు పేరు మీద పట్టింపు లేదు, నేను ఇక్కడ పుట్టలేదు కాబట్టి. కానీ తెల్లవారుజామున మూడింటికి మంచులో లేచి వచ్చేవాణ్ణి లేపేది ఆ తలుపు మీది పేరేనని మా ముసలి సభ్యులు అంటారు. దాన్ని మూర్ఖత్వం అని కొట్టిపారెయ్యలేను. జీతం లేని చోట మనిషిని లేపడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

పాతపుస్తకాలషాపు

ఈ మాటకు నా ఓటు. మిరియాలచారు గారు పులిని చూపించారు, నిజమే. కానీ అదే న్యూయార్క్‌లో నథానియల్ కరియర్ అనే అచ్చు వ్యాపారి తానూ స్వచ్ఛంద దళంలో ఉండేవాడు. అతని కంపెనీ 1850లలో ఫైర్‌మన్ జీవితం మీద రంగుల అచ్చులు వేసి ఇంటింటికీ అమ్మింది. గోడకు తగిలించుకునేవి. అంటే బయటివాళ్ల ముద్దు ఒక్కటే కాదు, ఆ పని చేసినవాళ్లూ తమను తాము అలా చూసుకోవాలనుకున్నారు. బొమ్మ వాళ్లది కూడా.

కుంచెరాయుడు

చాలా చదివాను, రెండు రాత్రులు గీశాను. ఒక స్కెచ్ వర్ణిస్తాను. ఫైర్ స్టేషన్ గోడకు వరుసగా కొక్కేలు. నాలుగింటికి కోట్లు వేలాడుతున్నాయి, మిగతావి ఖాళీ. ఇంజన్ తలుపు తెరిచి ఉంది, సీట్లు ఖాళీ. మనుషులెవరూ లేరు. 38 వేలు అన్న అంకె వేయనక్కరలేదు, చూడగానే అర్థమవుతుంది.

సస్కెహానా

వద్దండీ. అది సంతాప సంచిక అట్టలా ఉంటుంది. మా స్టేషన్‌లో ఎవరూ అలా ఉండరు. మంగళవారం డ్రిల్లు రాత్రి వచ్చి చూడండి, అక్కడి నవ్వులకు మీ కుంచె ఆగదు. ఖాళీ కొక్కెం చూసి ఎవరైనా చేరతారా?

నీలిమేఘం

నాకూ నచ్చలేదు. పిల్లలు చూసే సంచిక అది.

ఇలా చేయండి: చికెన్ బార్బెక్యూ గీయండి. పొగలో కళ్లు నలుపుకుంటూ అట్లకాడ పట్టుకున్న ఫైర్‌ఫైటర్లు, అందులో ఒకరు అమ్మాయి. ముందు వరుసలో చీరలూ, జీన్సూ, టికెట్ పట్టుకున్న మనవాళ్లు. ఒకతని నడుము దగ్గర పేజర్ మోగుతోంది, చేతిలో పళ్లెం, ఎటు వెళ్లాలో తెలియని మొహం. రాక్‌వెల్ కూడా ఇదే గీసేవాడేమో.

మిరియాలచారు

ఉగాది సంచిక అట్ట మీద కోడి. మీ కార్యవర్గం ఫైర్ టాక్స్‌నైనా ఒప్పుకుంటుంది గానీ దీన్ని ఒప్పుకోదు.

కుంచెరాయుడు

పాన్‌కేకులుగా మార్చేస్తాను. గుడ్డు ఉంటుందని ఎవరూ పట్టించుకోరు.

నీలిమేఘం గారి ఊహ నాకు నచ్చింది. పళ్లెం పట్టుకున్న చెయ్యి, పేజర్ మీద పడ్డ చూపు. వాళ్లకు వంట పని ఎందుకు పడిందో మన వరుసను చూస్తేనే తెలుస్తుంది, ఎందుకంటే ఆ వరుసలో నిలబడ్డది మనమే. లోపలి పేజీలో టౌన్‌షిప్ పన్ను లెక్క ఒక పట్టికగా వేయమని అడుగుతాను. ముఖచిత్రం కావాలంటే ఆ పేజీ కూడా ఉండాలని షరతు పెడతాను. ఒప్పుకోకపోతే అట్ట మీద వాళ్లకు ఇష్టమైన మామిడి తోరణం వేసుకోమంటాను.

లెక్కలరాజు

పట్టికలో మూడు నిచ్చెన బండ్ల ఖర్చు కూడా వేయండి.

రిటైర్డ్_101

వెస్ట్ గురించి నేను చెప్పింది కూడా ఆ పేజీలో ఉండాలి. శిక్షణకు ఎంత, వంటకు ఎంత సమయం పోతోందో అడిగి వేయండి. ఇంకొకటి, పాన్‌కేక్ పెనం దగ్గర పొగ గీసేటప్పుడు తలుపు మూసి ఉన్నట్టు గీయకండి. చూసినవాళ్లు నవ్వుతారు.

సస్కెహానా

టౌన్‌షిప్‌ను నడిపే సూపర్‌వైజర్ల సమావేశంలో ప్రజలకు మాట్లాడే సమయం ఉంటుంది, మా దగ్గర మనిషికి మూడు నిమిషాలు. ఓటు ముందే జరిగితే సంచిక వచ్చి ప్రయోజనం లేదు. తేదీ కనుక్కుని, స్కెచ్ పట్టుకుని వెళ్లండి.

మిరియాలచారు

‘డబ్బెందుకు’ అన్న పెద్దమనిషికి కూడా అవే మూడు నిమిషాలు ఇస్తారు. ఆయన ముందే వెళ్లి కూర్చుంటాడు, చూస్తూ ఉండండి.